మర్రిగూడ ప్రెస్సులో ఒక పగలు

షాబాన్ నెల చివరి పది రోజులు మదర్సాల వారికి ఊపిరి సలపని రోజులు. రమజాన్ ముంగిట్లోకి వచ్చి నిలబడుతుంది. రసీదు పుస్తకాలు అచ్చు కావాలి, సహరీ, ఇఫ్తార్ వేళల పట్టికలు సిద్ధం కావాలి, చందాలకు ఊరూరా తిరిగే సఫీర్లకు ధ్రువపత్రాలు ఇవ్వాలి. ఏళ్ళ తరబడి ఈ పనులన్నిటికీ మేము హైదరాబాదు ఛత్తా బజారుకే వెళ్ళేవారము. షాదీ రుఖాలు అచ్చు వేయించుకోవడానికి తెలంగాణ జిల్లాలన్నిటి నుంచీ ముస్లిం కుటుంబాలు వచ్చే బజారు అది. ఒకప్పుడు అక్కడ కాతిబులు చాపల మీద కూర్చుని కలంతో అక్షరాలు దిద్దేవారు. కంప్యూటరు వచ్చాక కలాల చప్పుడు ఆగిపోయింది.

ఈ ఏడు మా పాత విద్యార్థి ఒకడు ఫోను చేశాడు. "హజ్రత్, ఈసారి మీ అచ్చు పని నాకే వదిలేయండి. పైసల మాట ఎత్తకండి. మర్రిగూడలో ప్రెస్సు పెట్టుకున్నాను. మీరే ఒకసారి వచ్చి చూస్తే బాగుంటుంది. రెండు మూడు మస్అలాలు కూడా అడగాలి" అన్నాడు. ఉచితమన్న మాటకు మేము సంతోషించామని దాచవలసిన పని లేదు. మదర్సా నడిపే వారికి వెయ్యి రూపాయలు మిగిలినా పది పూటల బియ్యం లెక్క కళ్ళ ముందు కదులుతుంది.

నాగార్జునసాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం, యాచారం దాటి మాల్ చేరితే నల్లగొండ జిల్లా మొదలవుతుంది. అక్కడ పెద్ద రోడ్డును విడిచి మర్రిగూడ దారి పట్టాము. ఎర్ర నేలలు, మధ్య మధ్య నల్లరాతి గుట్టలు, పత్తి ఏరేసిన చేలలో ఎండిన కట్టె. అక్కడక్కడ బత్తాయి తోటలు. ఈ మండలంలో ఖుదాబక్షుపల్లి అనే ఊరు ఒకటి ఉన్నది. ఖుదా బక్ష్ అంటే దైవం ప్రసాదించినవాడు అని అర్థం. ఆ పేరు ఏ కాలంలో ఎవరి మీదుగా ఆ ఊరికి వచ్చిందో గాని, కులమతాల తేడా లేకుండా ఊరంతా ఆ పేరునే పలుకుతారు. బస్సులో మా పక్కన కూర్చున్న రైతు ఆ ఊరి పేరు చెప్పినప్పుడు ఆయన నోట అది అచ్చమైన తెలుగు మాటలాగే వినిపించింది.

ఈ నేలను గురించి చెప్పేటప్పుడు నీటిని దాటవేయలేము. ఇక్కడి రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీటిలోకి కరుగుతుంది. లీటరు నీటిలో అది ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల బోర్లలో ఎన్నో ఆ గీతను ఎన్నడో దాటాయి. పిల్లల పళ్ళు గార కట్టాయి, పెద్దల వెన్నులు బిగిసిపోయాయి, కొందరి కాళ్ళు విల్లులా వంగిపోయాయి. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నాగపూరు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు 'నల్లగొండ విధానం'. జిల్లా పేరు లోకానికి తెలిసింది ఈ బాధ మూలంగానే. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. వారిలో అత్యధికులు గెలుపు కోసం కాదు, మా గొంతులో పోసేది విషమని దేశానికి తెలియజేయడానికే నిలబడ్డారు. ఆ ఓటుపత్రాన్ని అచ్చు వేయడమే ప్రభుత్వానికి పరీక్ష అయింది. అచ్చు కాగితాన్ని బాధితులు తమకోసం తామే వాడుకున్న సందర్భం అది. ఈ మాట మాకు ఆ రోజు సాయంత్రం గాని గుర్తుకు రాలేదు.

ఇప్పుడు ఊళ్ళలోకి గొట్టాల ద్వారా కృష్ణా నీరు వస్తున్నది. అయితే నీరు మారినంత మాత్రాన వంగిన ఎముక తిరిగి నిటారు కాదు.

మా శిష్యుని ప్రెస్సు అంటే ఒక మడిగె. ముందు ఒక బల్ల, రెండు కంప్యూటర్లు, జెరాక్సు యంత్రం, గోడ నిండా పెళ్ళి పత్రికల నమూనాలు. ఒక వరుస వినాయకుని బొమ్మవి, ఒక వరుస బిస్మిల్లాహ్‌తో మొదలయ్యేవి, ఒక వరుస సిలువ గుర్తువి. వెనుక గదిలో తండ్రి కాలం నాటి ట్రెడిల్ యంత్రం తుప్పుపట్టి ఉన్నది. "అమ్మితే ఇనుము ధర వస్తుంది హజ్రత్, కానీ అబ్బా దానిమీద నిలబడి మమ్మల్ని పెంచాడు" అన్నాడు. పెద్ద పనులను అతను ఇక్కడ కూర్పు చేసి హైదరాబాదులో ఆఫ్‌సెట్ మీద అచ్చు వేయించి తెస్తాడు.

ఈ వృత్తి ఎంత పలుచబడిందో అతని మాటల్లోనే విన్నాము. పెళ్ళి పిలుపులు వాట్సాప్‌లోకి వెళ్ళాయి. వెయ్యి పత్రికలు కొట్టించే ఇల్లు ఇప్పుడు మూడు వందలతో సరిపెడుతున్నది. కాస్త కలిగినవారు నేరుగా పట్నం పోతున్నారు. 2022లో మునుగోడు ఉపఎన్నిక వచ్చినప్పుడు ఈ ప్రాంతమంతా జెండాలు, కరపత్రాలతో నిండిపోయింది గదా, నీకూ పని దొరికి ఉండాలే అని అడిగాము. అతను నవ్వాడు. "లారీల మీద వచ్చినయి హజ్రత్, అన్నీ బయట అచ్చయినవే. మాకు ఓటరు చీటీల జెరాక్సు మిగిలింది."

అప్పుడు అతనికి ఒక ఆలోచన కలిగింది. నిరుడు రమజాన్‌కు చుట్టుపక్కల మసీదులన్నిటికీ వేళల పట్టికలు ఉచితంగా అచ్చు వేసి పంచాడు. పట్టిక పైభాగాన ప్రెస్సు పేరు, ఫోను నంబరు పెద్ద అక్షరాలతో వేశాడు. "ఇంట్లో గోడకు అంటిస్తారు హజ్రత్. సహరీకి ఒకసారి, ఇఫ్తార్‌కు ఒకసారి, రోజుకు రెండుసార్లు ఇంటిల్లిపాదీ చూస్తారు. ముప్పై రోజులు. పేపరులో ప్రకటన వేస్తే ఎవరు చూస్తారు?" మాకు నవ్వు ఆగలేదు. ఇన్నేళ్ళుగా మేము ఆ పట్టికను చూసి ఖర్జూరం నోట పెట్టుకున్నామే గాని, దానిని ఈ కంట ఎన్నడూ చూడలేదు. ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవాని పేరు, చిరునామా ఉండి తీరాలని ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. అక్కడ ఆ పేరు కంటికి ఆననంత చిన్నదిగా ఉంటుంది. రమజాన్ పట్టిక మీద ఏ చట్టమూ అడగకపోయినా చంద్రుని దర్శనం కంటే ముందు ప్రెస్సు పేరు దర్శనమిస్తుంది.

పట్టికతో గిరాకీ పెరిగింది. దానితో అతను మరో అడుగు వేశాడు. ప్రతి అయిదు వందల పెళ్ళి పత్రికల పని మీద వంద రూపాయలు ఫ్లోరైడు బాధితులకు అందజేస్తామని చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టాడు. ముస్లిములే కాదు, అందరూ రాసాగారు. పెళ్ళి ఖర్చులో కాసింత పుణ్యం కలిసివస్తుందంటే ఎవరికి చేదు?

ఇది లోకంలో కొత్త విద్య కాదు. మా మేనల్లుడు ఎం.బి.ఏ. చదివే రోజుల్లో తన పాఠంలోని ఉదంతం ఒకటి చెప్పాడు. 1983లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ, తన కార్డు వాడిన ప్రతిసారీ ఒక సెంటు, కొత్తగా కార్డు తీసుకున్న ప్రతివారి పేరిట ఒక డాలరు న్యూయార్కులోని స్వేచ్ఛా ప్రతిమ మరమ్మతులకు ఇస్తామని చాటింది. దాదాపు 17 లక్షల డాలర్లు పోగయ్యాయి. కార్డు వాడకమూ పెరిగింది, కొత్తవారూ వచ్చి చేరారు. అప్పటినుంచి అది వ్యాపార పాఠశాలల్లో పాఠమయింది. దీనికి తలకిందులైన దారి మరొకటి ఉన్నది. 1979లో బొంబాయిలో రిప్పన్ కపూర్ తన మిత్రులతో కలిసి 50 రూపాయలతో మొదలుపెట్టిన 'క్రై' సంస్థ గ్రీటింగ్ కార్డులు అమ్మి పిల్లలకోసం నిధులు సేకరించింది. అక్కడ అచ్చు కాగితం దానానికి సేవకురాలు. మొదటి చోట దానం వ్యాపారానికి సేవకురాలు. రెండింటిలోనూ పేదవాని చేతికి ఎంతో కొంత చేరుతుంది. కాని ప్రళయదినాన లెక్క వేరు వేరుగా ఉంటుందని మా భయం.

అయినా మేము అతన్ని తప్పుపట్టలేదు. బహిరంగంగా దానం చేయడమే తప్పని కొందరు అనుకుంటారు. అది సరికాదు. దానాన్ని వెల్లడిగా ఇచ్చినా మంచిదే, దాచి పేదలకు ఇస్తే అది మరింత మేలని దివ్యఖుర్ఆన్ బఖరా సూరా 271వ ఆయతు భావం. ముజర్ తెగవారు చిరిగిన కంబళ్ళు కప్పుకుని మదీనాకు వచ్చినప్పుడు వారి దుస్థితి చూసి దైవప్రవక్త (స) ముఖకవళికలు మారిపోయాయి. ఆయన దానానికి పిలుపునిచ్చారు. ఒక అన్సారీ మోయలేనంత బరువైన సంచి అందరూ చూస్తుండగా తెచ్చి పెట్టాడు. అతన్ని చూసి ఒకరి వెనుక ఒకరు తెచ్చి పోయగా ధాన్యం, వస్త్రాలు రెండు గుట్టలయ్యాయి. ముస్లిం హదీసు గ్రంథంలో ఉన్న ఈ సంఘటన వెల్లడి దానానికి నిదర్శనం. ఇక అచ్చు వ్యాపారమంటారా, మా తరం చదివిన పాత కితాబులలో ఎన్నో లక్నోలోని మున్షీ నవల్ కిశోర్ ప్రెస్సువి. 1858లో స్థాపించిన ఆ ప్రెస్సు యజమాని హిందువు. దివ్యఖుర్ఆన్‌ను సైతం ఆయన భక్తిశ్రద్ధలతో అచ్చు వేయించి సామాన్యులకు అందించాడు. ఆయన వ్యాపారమూ చేశాడు, మేలూ చేశాడు.

భోజనాలయ్యాక శిష్యుడు తన మస్అలాలు బయటపెట్టాడు. మొదటిది: మసీదులకు, మదర్సాలకు ఉచితంగా చేసిన అచ్చు పని ఖరీదును తన జకాత్‌లో జమకట్టుకోవచ్చునా? కుదరదని చెప్పాము. మన హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ చెల్లాలంటే, దానికి అర్హుడైన పేదవానిని ఆ సొమ్ముకు యజమానిని చేయాలి. దీనినే తమ్లీక్ అంటారు. సేవ చేసిపెట్టడం, ఇంట్లో ఊరికే ఉండనివ్వడం, కాగితం అచ్చు వేసివ్వడం జకాత్ కాజాలవు. సంకల్పం శుద్ధమైతే వాటి పుణ్యం వాటికి ఉంటుంది. పత్రికలు తీసుకుపోయి బాకీ చెల్లించలేని పేదవాని బాకీని మాఫీ చేసి దానిని జకాత్ అనుకోవడం కూడా చెల్లదు. జకాత్ సొమ్ము అతని చేతికిచ్చి, ఆ తరువాత అతని నుంచి బాకీ వసూలు చేసుకోవచ్చు. మా పాఠకులలో దుకాణదారులు చాలామంది ఉన్నారు గనుక ఈ సంగతి కాస్త విడమరచి రాశాము. ప్రతి రమజాన్‌లో ఇదే పొరపాటు మా చెవిన పడుతుంది.

రెండవది ఆ వంద రూపాయలది. "ఆ వంద ఎవరిది?" అని అడిగాము. అతను తడబడ్డాడు. వచ్చినవారితో ఒకసారి "మీ పేరున ఇస్తున్నాము" అన్నాడట, మరొకసారి "మా లాభంలోంచి ఇస్తున్నాము" అన్నాడట. ఈ రెండు మాటల మధ్య భూమ్యాకాశాల అంతరం ఉన్నది. వచ్చినవాడు దానం కోసమని ఇచ్చిన సొమ్మయితే అది నీ దగ్గర అమానతు, నీవు వకీలువు మాత్రమే, అందులో ఒక్క రూపాయి ఒక్క పూట కూడా నీ అవసరానికి తాకరాదు. నీ లాభంలోనిదైతే అది నీ దానం, అతనిది కాదు. అతను దానిని తన జకాత్ అనుకుని మోసపోకూడదు. పత్రికల ధర వంద పెంచి ఆ వందే దానమని చెబితే అది పచ్చి వంచన. "లెక్క రాశావా?" అన్నాము. "మనసులో ఉంది హజ్రత్" అన్నాడు. బల్ల సొరుగు తీస్తే దానం నోట్లు, దుకాణం నోట్లు ఒకే డబ్బాలో కలిసి ఉన్నాయి. కొందరికి మందులు కొనిచ్చాడు, ఒకరికి చేతికర్ర కొనిచ్చాడు. దొంగబుద్ధి అతనిలో మాకు కనబడలేదు. మనసులో రాసుకున్న లెక్కకు సాక్షి ఎవడన్నదే మా బాధ.

మూడవది అతను అడిగింది కాదు, మేము చూసింది. జుహర్ నమాజుకు వెళుతూ చౌరస్తాలో ఆ ఫ్లెక్సీ చూశాము. సగం భాగం ప్రెస్సు పేరు, సగం భాగం ఒక వృద్ధుని ఫొటో. వంగిన కాళ్ళు, ముడుచుకున్న చేతులు, మనిషి ఎత్తుకంటే పెద్దవిగా ఉన్నాయి. ఫొటోల విషయంలో ఉలమాల మధ్య ఉన్న చర్చ వేరు, దానిని ఇక్కడికి తేవడం లేదు. "ఈయన ఎవరు?" అంటే, మండలంలోనే ఒక పల్లె అన్నాడు. "ఆయనకు ఎంత ఇచ్చావు?" అంటే, రమజాన్‌లో ఇద్దామనుకున్నాను అన్నాడు. పద, ఇప్పుడే పోదామన్నాము.

స్కూటరు మీద వెళ్ళాము. వేపచెట్టు కింద నులక మంచం మీద ఆ పెద్దాయన ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. మెడ తిప్పలేడు గనుక ఆయన కళ్ళు పడే వైపుకు వచ్చి కూర్చున్నాము. ఆయన భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి, "నల్లా నీళ్ళే సాబ్, తాగుండ్రి, ఏం గాదు" అన్నది. వచ్చినవారు నీళ్ళు తాగడానికి జంకడం ఆమె ఎన్నిసార్లు చూసి ఉంటుందో. తాగాము.

ఫ్లెక్సీ మాట ఎత్తగానే పెద్దాయన ముందు నవ్వాడు. "ఫొటో దిగుత తాతా అంటే దిగు బిడ్డా అన్న. ఏడనో సర్కారు దవాఖానకు పంపుతరేమో అనుకున్న. చౌరస్తల కడతరని చెప్పలే" అన్నాడు. కాసేపాగి, "మా మనుమరాలు గా బాటనే బడికి పోతది. గదో మీ తాత అని పోరగాండ్లు అంటరట. పోయిన వారం ఏడ్సుకుంట వచ్చింది" అన్నాడు. మా శిష్యుడు తలవంచుకుని జేబులోంచి కవరు తీసి మంచం మీద పెట్టాడు. పెద్దాయన దానిని ముట్టలేదు.

"ఇది నా బొమ్మ కూలినా బిడ్డా, ధర్మమా?"

శిష్యుడు మా వైపు చూశాడు. ముప్పై ఏళ్ళు ఫిఖహ్ పాఠం చెప్పిన మాకు ఆ ప్రశ్నకు జవాబు వెంటనే నోటికి రాలేదు. ఎత్తిపొడుపుతో, నొప్పించడంతో దానాలను వృథా చేసుకోవద్దని హెచ్చరించే బఖరా సూరా ఆయతు మాకు కంఠస్థమే. నొప్పించడమంటే చేతిలో పైసలు పెట్టి మాట అనడమని ఇన్నాళ్ళూ పిల్లలకు వివరించాము. ఒక్క మాటా అనకుండా, అచ్చు కాగితంతో, బడికి పోయే పసిపిల్లను సైతం నొప్పించవచ్చునని ఆ వేపచెట్టు కింద తెలిసింది. "ఇది మీ హక్కు, ధర్మం కాదు. ధర్మం సంగతి తరువాత" అన్నాము. అప్పుడు ఆయన భార్య కవరు తీసి కొంగున కట్టుకున్నది. పెద్దాయన మా శిష్యునితో, "ఎన్ని లగ్గాల పత్రికలు వచ్చినయ్ రా నా బొమ్మ మీద? రానీ, నీ పిల్లలు తిననీ. గని దాన్ని తీసెయ్" అన్నాడు.

తిరుగు దారిలో ఇద్దరమూ మాట్లాడుకోలేదు. అతన్ని మందలించే నోరు మాకు లేదు. మూడేళ్ళుగా మా మదర్సా రసీదు పుస్తకం వెనుక అట్ట మీద తెల్ల టోపీలు పెట్టుకున్న అనాథ పిల్లల వరుస ఉన్నది. బొమ్మ ఉంటే చందా ఎక్కువ వస్తుందని సఫీర్లు చెప్పగా అనుమతించింది మేమే. ఆ వరుసలోని ఒక బాలుడు హిఫ్జ్ పూర్తిచేసి, నిరుడు మా గదికి వచ్చి, "హజ్రత్, ఆ ఫొటోలోంచి నన్ను తీసేయగలరా?" అని అడిగాడు. వచ్చే ఏడు కొత్త ఫొటో వేస్తాములే అని చెప్పి పంపించాము. కొత్త ఫొటో అంటే కొత్త పిల్లలని అర్థం. అప్పుడు ఆ మాట మా చెవికే వినబడలేదు.

అసర్ నమాజు అయ్యాక ఫ్లెక్సీ దించడానికి అతనే నిచ్చెన వేశాడు. చౌరస్తాలో చాయ్ తాగుతున్నవారు ఏమయిందని అడిగారు. "అక్షరం తప్పు పడింది" అన్నాడు. ఆ జవాబు అబద్ధమా కాదా అని మేము విచారించలేదు. ప్రెస్సుకు వచ్చి ఒక రిజిస్టరు తెరిచి, గుర్తున్నంతవరకు ఎవరి పని మీద ఎంత, ఎవరికి ఏమి ఇచ్చాడు అన్నది రాయడం మొదలుపెట్టాడు. గుర్తులేని వాటికి ఎంత వేయాలి అంటే, అనుమానమున్న చోట నీకు నష్టం కలిగే వైపు వెయ్యి అన్నాము. మొత్తం చూసుకుని కాసేపు మౌనంగా ఉన్నాడు. దానం డబ్బా వేరే కొన్నాడు.

వేళల పట్టికలపై పేరు సంగతి అతనే ఎత్తాడు. పూర్తిగా తీసేయమని మేము అనలేదు. అతని పిల్లలూ తినాలి, ఆ పెద్దాయనే అన్నాడు గదా. పేరును కిందకు దించి, సహరీ, ఇఫ్తార్ అక్షరాల కంటే చిన్నదిగా చేశాడు. మా రసీదు పుస్తకం వెనుక అట్ట మీది ఫొటో తీసేయించి, ఆ చోట నిరుటి జమాఖర్చుల మొత్తాలు వేయమన్నాము. కంప్యూటరు మీద అక్కడికక్కడే మార్చాడు.

నాలుగు రోజుల తరువాత కట్ట బస్సులో వచ్చింది. లోపల బిల్లు ఉన్నది. ఉచితమన్నవాడు బిల్లెందుకు పంపాడా అని చూస్తే, కాగితం ఖరీదు, హైదరాబాదు అచ్చు కూలి వరుసగా వేసి, తన కూలి దగ్గర సున్నా పెట్టాడు. పుస్తకం అటూ ఇటూ తిప్పి ప్రెస్సు పేరు కోసం వెదికాము, కనబడలేదు. ఫోను చేసి అడిగితే నవ్వాడు. "ఉంది హజ్రత్. ఎలక్షన్ల కరపత్రాల మీద వేసినంత వేశాను. అద్దాలు పెట్టుకుని చూడండి."

పెట్టుకుని చూశాము. వెనుక అట్ట కింది అంచున, జమాఖర్చుల మొత్తం కింద, చీమ తలంత అక్షరాలతో ఉన్నది.